ముగ్గురుంటే ఉచితం.. ఒక్కరైతే రుసుం

అమెరికా రహదారులపై కార్‌పూల్, టోల్ వరుసల తీరుతెన్నులు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 2017 డిసెంబరు 4న ఉదయం ఇంటర్‌స్టేట్ 66 రహదారిపై ఎలక్ట్రానిక్ బోర్డులు 34.50 డాలర్ల టోల్‌ను చూపించాయి. రాజధాని వాషింగ్టన్‌కు చేరుకునే సుమారు పది మైళ్ల దూరానికి, అదీ ఒకవైపు ప్రయాణానికి నిర్ణయించిన రుసుం అది. ఆ వారంలోనే అది 40 డాలర్లను తాకింది. పట్టపగలు దోపిడీ అంటూ ప్రయాణికులు మండిపడ్డారు. అదే రోడ్డుపై అదే నిమిషంలో ఇద్దరు కూర్చున్న కారు మాత్రం ఒక్క సెంటు చెల్లించకుండా ముందుకు సాగిపోయింది. అంతకు ముందు వారం వరకు, కొన్ని మినహాయింపులు పోను, ఒంటరిగా కారు నడిపేవారికి రద్దీ వేళల్లో ఆ రోడ్డుపైకి అనుమతే లేదు. ఆ కోలాహలంలో ఈ సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు.

రద్దీ వేళల్లో కార్‌పూల్‌కు, టోల్ చెల్లించేవారికి కేటాయించే ఈ మార్గాలు అమెరికాలో అర్ధ శతాబ్దానికి పైగా వివాదాస్పదంగానే ఉన్నాయి. వర్జీనియాలోని హెర్న్‌డన్, యాష్‌బర్న్, టెక్సాస్‌లోని డాలస్ పరిసరాలు, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్, సన్నీవేల్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇవి నిత్యానుభవం. ఏ వరుసలో వెళ్లాలన్నది అక్కడ ప్రతి ఉదయం ఇంటింటా తేల్చుకోవలసిన లెక్క.

అసలు చిక్కు

రహదారిపై ఒక వరుసలో గంటకు సుమారు 2,000 వాహనాలు సాఫీగా సాగగలవు. ఆ హద్దు దాటి మరికొన్ని వాహనాలు చొరబడితే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. విచిత్రమేమిటంటే, అలా కిక్కిరిసిన తరువాత ఆ వరుస దాటించే వాహనాల సంఖ్య కూడా తగ్గుతుంది. అంటే అందరూ ఎక్కువసేపు వేచి ఉండటమే కాదు, మొత్తంమీద తక్కువ మంది గమ్యం చేరతారు. కొత్తగా మరో వరుస వేసినా కొద్ది సంవత్సరాల్లోనే అదీ నిండిపోతుందన్నది పెద్ద నగరాలన్నింటి అనుభవం.

రోడ్డు మీద చోటు పరిమితం. కోరేవారు అపరిమితం. కిరోసిన్ దుకాణం ముందు బారులు తీరినట్లే కార్లు బారులు తీరతాయి. ఆ క్యూలో చెల్లించే వెల సమయం. దాని బదులు వేరే కొలమానంతో చోటును పంచవచ్చునన్నదే ప్రత్యేక వరుసల వెనుక ఉన్న ఆలోచన. కారులో ఎంతమంది ఉన్నారో చూసి పంచితే అది కార్‌పూల్ వరుస. డబ్బు తీసుకుని పంచితే అది టోల్ వరుస. రెండింటినీ కలిపితే, ముగ్గురున్న కారుకు ఉచితం, ఒక్కరున్న కారుకు రుసుం. అమెరికాలో నేడు విస్తరిస్తున్నది ఈ మూడో రకమే. పద్ధతి ఏదైనా, లోపలికి వచ్చే వాహనాల సంఖ్యను హద్దులో ఉంచగలిగినంత కాలమే ఆ వరుసకు వేగం ఉంటుంది.

బస్సులతో మొదలు

1969లో వాషింగ్టన్‌కు దక్షిణాన వర్జీనియాలోని షర్లీ హైవే మధ్య వరుసలను బస్సులకు మాత్రమే కేటాయించారు. పక్కన కార్లు నిలిచిపోయి ఉండగా బస్సులు దూసుకుపోవడంతో వాటికి ఆదరణ పెరిగింది. 1973 చివరలో, చమురు సంక్షోభం ముంచుకొచ్చిన రోజుల్లో, నలుగురు లేదా అంతకు మించి ఉన్న కార్లనూ ఆ వరుసల్లోకి అనుమతించారు. 1989లో ఆ సంఖ్యను మూడుకు తగ్గించారు.

ఈ నిబంధన నుంచి ప్రభుత్వం ఊహించని ఒక ఆచారం పుట్టుకొచ్చింది. ముగ్గురు కావాలి, కారులో ఉన్నది ఒక్కరు. బస్టాపులో పదిమంది నిలబడి ఉన్నారు. కారు యజమాని అక్కడ ఆగి ఇద్దరిని ఎక్కించుకునేవాడు. ఎక్కినవారికి చార్జీ మిగిలేది, ఎక్కించుకున్నవారికి సమయం మిగిలేది. డబ్బు చేతులు మారేది కాదు. ‘స్లగ్గింగ్’ అని పేరుపడిన ఈ పద్ధతికి ఏ కార్యాలయమూ లేదు, ఏ చట్టమూ లేదు. మర్యాదలు మాత్రం కచ్చితం. వరుసక్రమంలోనే ఎక్కాలి, డబ్బు ఇవ్వరాదు, యజమాని పలకరిస్తే తప్ప మాట కలపరాదు. బస్సు డ్రైవర్లు దొంగ నాణేలను స్లగ్ అని పిలిచేవారట. బస్టాపులో నిలబడి బస్సు ఎక్కని ఈ ‘దొంగ ప్రయాణికుల’కు ఆ పేరే స్థిరపడిందని చెబుతారు. కార్‌పూల్ వరుస నిజంగా పరాయి మనుషులను ఒకే కారులో కూర్చోబెట్టిన అరుదైన ఉదాహరణ ఇది.

ఉన్నది లాక్కుంటే..

లాస్ ఏంజెలెస్‌లో అనుభవం వేరు. 1976 మార్చిలో శాంటా మోనికా ఫ్రీవేపై ఒక్కోవైపు ఒక్కో వరుసను, అప్పటివరకు అందరూ వాడుకుంటున్నదాన్నే, ముగ్గురున్న కార్లకు, బస్సులకు కేటాయించారు. రోడ్డుపై వజ్రాకారపు గుర్తు వేసినందున వాటికి డైమండ్ లేన్లు అని పేరు వచ్చింది. మిగిలిన వరుసల్లో రద్దీ విపరీతమైంది, ప్రమాదాలు పెరిగాయి. పక్కనే ఖాళీగా కనిపిస్తున్న వరుసను చూస్తూ గంటల తరబడి కూర్చున్నవారి కోపం పత్రికలకెక్కింది. కేసు ఫెడరల్ న్యాయస్థానానికి చేరింది. పర్యావరణ ప్రభావ అధ్యయనం సక్రమంగా జరగలేదన్న కారణంతో ఆగస్టులో ప్రయోగం నిలిచిపోయింది. నడిచింది 21 వారాలు మాత్రమే.

ఉన్న వరుసను లాక్కోరాదు, కొత్తది వేసి కేటాయించాలి అన్నది ఆ తరువాత అధికారులు నేర్చుకున్న పాఠం. అయితే కొత్తగా వేసినా ఖాళీగా కనిపిస్తే జనం సహించరని న్యూజెర్సీ రుజువు చేసింది. అక్కడ ఇంటర్‌స్టేట్ 287పై కార్‌పూల్ వరుసలు 1998 జనవరిలో మొదలయ్యాయి. అదే ఏడాది నవంబరు చివరికల్లా వాటిని, ఇంటర్‌స్టేట్ 80పై ఉన్నవాటిని కలిపి ఎత్తివేశారు. వాటిలో వెళ్లేవారు తక్కువ, వాటిని చూసి కోపగించేవారు ఎక్కువ.

ఖాళీగా ఉందన్న కోపానికి లొంగి తలుపులు బార్లా తెరిస్తే ఏమవుతుందో లాస్ ఏంజెలెస్‌లోనే ఎల్ మాంటే బస్సు మార్గం చూపింది. 1973లో బస్సుల కోసం ప్రారంభించిన ఈ మార్గంలోకి తరువాత ముగ్గురున్న కార్లను అనుమతించారు. ఇద్దరున్నా చాలునని రాష్ట్ర శాసనసభ చట్టం చేయగా అది 2000 జనవరిలో అమల్లోకి వచ్చింది. రద్దీ వేళల్లో గంటకు 65 మైళ్లున్న వేగం ఏకంగా 20 మైళ్లకు పడిపోయింది. బస్సు ప్రయాణికులు గగ్గోలు పెట్టారు. ఏడు నెలలు తిరగకముందే శాసనసభ అత్యవసరంగా మరో చట్టం తెచ్చి, రద్దీ వేళలకు ముగ్గురి నిబంధనను పునరుద్ధరించింది. ఇద్దరికీ ముగ్గురికీ నడుమ రెండున్నర లేదు కదా! మనుషుల లెక్కతో చోటును పంచడంలో ఉన్న అసలు ఇబ్బంది అదే. సంఖ్య ఒకటి తగ్గిస్తే కిక్కిరిసిపోతుంది, ఒకటి పెంచితే వెలవెలబోతుంది.

ఖాళీకి ధర

మిగిలిపోయిన చోటును అమ్మవచ్చు కదా అన్న ప్రశ్న ఇక్కడే తలెత్తింది. రద్దీని బట్టి రోడ్డు రుసుం మారాలని ఆర్థికవేత్త విలియం విక్రీ 1950ల నుంచే వాదించారు. 1996లో నోబెల్ పురస్కారం ప్రకటించిన మూడు రోజులకే ఆయన కన్నుమూశారు. సరిగ్గా అదే ఏడాది చివరలో కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నగరం ఆ ఆలోచనను ఆచరణలోకి తెచ్చింది.

అక్కడ ఇంటర్‌స్టేట్ 15 నడుమ ఎనిమిది మైళ్ల కార్‌పూల్ మార్గం 1988 నుంచి ఉన్నా సగం ఖాళీగానే ఉండేది. 1996 డిసెంబరులో ఒంటరి డ్రైవర్లకు నెలకు 50 డాలర్ల పాస్‌లు పరిమితంగా విక్రయించారు. 1998 నుంచి నెలసరి పాస్‌ల స్థానంలో ప్రయాణానికింత అనే రుసుం వచ్చింది. లోపల వాహనాలు ఎన్ని ఉన్నాయో లెక్కించి ప్రతి ఆరు నిమిషాలకు ధరను మార్చేవారు. సాధారణంగా అర డాలరు నుంచి నాలుగు డాలర్ల వరకు ఉండేది. లోపల ఒత్తిడి పెరిగితే ధర పెరుగుతుంది, వచ్చేవారు తగ్గుతారు, వేగం నిలుస్తుంది. కార్‌పూల్ వారికి ఎప్పటిలాగే ఉచితం. వచ్చిన సొమ్ములో కొంత ఆ మార్గంలోనే ఎక్స్‌ప్రెస్ బస్సు నడపడానికి వెచ్చించారు. టోల్ కట్టలేని వారికీ ఏదో ఒకటి దక్కిందని చెప్పుకోవడానికి వీలున్న ఏర్పాటు అది. ఆ తరువాత వచ్చిన ప్రాజెక్టులన్నీ ఈ విషయంలో ఇంత శ్రద్ధ చూపలేదు.

ఒప్పందంలో మెలిక

టోల్ వరుసల చరిత్రలో అందరూ గుర్తుంచుకోవలసిన ఉదంతం ఆరెంజ్ కౌంటీది. రివర్‌సైడ్ కౌంటీలో ఇళ్లు చౌక, ఆరెంజ్ కౌంటీలో ఉద్యోగాలు ఎక్కువ. రెండింటినీ కలిపే స్టేట్ రూట్ 91పై రోజూ నరకయాతన. ప్రభుత్వం వద్ద నిధులు లేవు. ప్రైవేటు పెట్టుబడితో రోడ్లు వేసేందుకు 1989లో చేసిన చట్టం ఆధారంగా ఒక ప్రైవేటు సంస్థ రోడ్డు మధ్యలో పది మైళ్ల మేర, ఒక్కోవైపు రెండు చొప్పున నాలుగు వరుసలు నిర్మించింది. 1995 డిసెంబరు 27న అవి ప్రారంభమయ్యాయి. వేళను బట్టి ధర మారే టోల్ రోడ్డు అమెరికాలో అదే మొదటిది. టోల్ గేటు లేదు, రుసుం వసూలు చేసే మనిషి లేడు. కారు అద్దానికి అంటించిన ట్రాన్స్‌పాండర్ ద్వారా ఖాతాలోంచి సొమ్ము కోతపడేది. మొదట్లో రుసుం పావు డాలరు నుంచి రెండున్నర డాలర్ల వరకు ఉండేది.

సమయానికి ఆఫీసు చేరగలిగినవారు సంతోషించారు. చిక్కు ఒప్పందంలో ఉంది. టోల్ వరుసలకు ఇరువైపులా ఒకటిన్నర మైలు పరిధిలో ప్రభుత్వం రోడ్డు సామర్థ్యం పెంచరాదన్నది అందులోని షరతు. పక్కన ఉచిత మార్గం బాగుపడితే టోల్ కట్టేవారెవరు? పెట్టుబడి పెట్టినవారి కోణంలో అది సహేతుకమే. కానీ 1999లో సాధారణ వరుసలపై భద్రత పేరిట రవాణా శాఖ కొన్ని అదనపు వరుసలు వేయబోగా సంస్థ కోర్టుకు వెళ్లింది. ప్రజల రోడ్డును బాగుచేయడానికి ప్రజా ప్రభుత్వానికే హక్కు లేకుండా పోయిందన్న సంగతి అప్పటికి గానీ జనానికి తెలియలేదు. రద్దీ ఉంటేనే ఆదాయం ఉండే సంస్థకు రద్దీని తగ్గించే బాధ్యత అప్పగించిన ఫలితమిది. చివరకు ఆరెంజ్ కౌంటీ రవాణా సంస్థ 2003 జనవరిలో 20.75 కోట్ల డాలర్లు చెల్లించి ఆ వరుసలను తన చేతిలోకి తీసుకుంది. షరతు రద్దయింది. 2017లో వరుసలను రివర్‌సైడ్ కౌంటీలోకి పొడిగించారు. ముగ్గురున్న కార్లకు ఉచితం, వారపు రోజుల్లో సాయంత్రం 4 నుంచి 6 వరకు తూర్పు దిశకు వెళితే మాత్రం సగం రుసుం అన్న పద్ధతిని ఆరెంజ్ కౌంటీ అనుసరిస్తూ వచ్చింది.

కార్‌పూల్‌కు కుదింపు

2005లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం కార్‌పూల్ వరుసలను టోల్ వరుసలుగా మార్చుకునేందుకు రాష్ట్రాలకు వీలు కల్పించింది. దానితోపాటు ఒక కొలబద్ద కూడా పెట్టింది. రద్దీ వేళల్లో నూటికి తొంభై పాళ్లు సగటు వేగం గంటకు 45 మైళ్లకు తగ్గరాదు. ఈ కొలబద్దే ఇప్పుడు కార్‌పూల్‌కు ఎసరు పెడుతోంది. వేగం తగ్గితే టోల్ పెంచాలి, లేదా ఉచితంగా వచ్చేవారిని తగ్గించాలి. తగ్గేది ఎక్కువగా ఇద్దరున్న కార్లే. 2020లో ఫ్రీమాంట్ మీదుగా సాగే ఇంటర్‌స్టేట్ 880పై ఎక్స్‌ప్రెస్ వరుసలు ప్రారంభమైనప్పుడు ఇద్దరికి ఉచితం పోయి సగం రుసుం వచ్చింది. వర్జీనియాలో తొలిరోజు 34.50 డాలర్లు చూపించిన ఇంటర్‌స్టేట్ 66పై 2022 డిసెంబరు నుంచి ఉచిత ప్రయాణానికి ముగ్గురు కావలసి వచ్చింది. కలిసి ఆఫీసుకు వెళ్లే భార్యాభర్తలు ఒక్కరోజులో ఉచిత జాబితా నుంచి టోల్ జాబితాలోకి మారిపోయారు.

విద్యుత్ కార్ల ఉదంతమూ ఇటువంటిదే. కాలుష్యం తక్కువన్న కారణంతో కాలిఫోర్నియా విద్యుత్ కార్లకు, 2005 నుంచి హైబ్రిడ్ కార్లకు స్టిక్కర్లు ఇచ్చి, ఒంటరిగా ఉన్నా కార్‌పూల్ వరుసల్లోకి అనుమతించింది. ఖజానాకు ఖర్చులేని కానుక కనుక ఇవ్వడం సులువైంది. ఆ వెల చెల్లించింది మాత్రం లోపల అప్పటికే ఉన్న బస్సులు, కార్‌పూల్ కార్లు. ఫెడరల్ అనుమతి గడువు తీరడంతో 2025 సెప్టెంబరు 30న ఈ సౌకర్యం ముగిసింది. ఆ స్టిక్కర్‌ను నమ్ముకుని దూరంగా ఇల్లు కొనుక్కున్నవారి దినచర్య ఆ మరునాటి నుంచి తారుమారైంది.

ధనవంతుల వరుసలా?

ఖరీదైన కారు పేరుతో వీటిని ‘లెక్సస్ లేన్లు’ అని విమర్శకులు ఎద్దేవా చేస్తారు. విమర్శలో కొంత నిజం, కొంత అతిశయోక్తి ఉన్నాయి. ఆదాయం పెరిగేకొద్దీ వీటి వాడకం పెరుగుతుందన్నది వాస్తవం. అయితే రోజూ వాడేవారు తక్కువ, అవసరం పడ్డ రోజున వాడేవారు ఎక్కువ. శిశు సంరక్షణ కేంద్రం మూసేలోగా బిడ్డను తెచ్చుకోవలసిన తల్లికి, పది నిమిషాలు ఆలస్యమైతే జీతం కోతపడే కార్మికుడికి కొన్ని డాలర్లు ఆ ఒక్కరోజు భారం కాకపోవచ్చు. ప్రతిరోజూ అదే పరిస్థితి ఎదురయ్యేవారికి మాత్రం భారమే. పెద్ద ఉద్యోగికి ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు ఉంటుంది, వేళ తప్పని ఉద్యోగం చిన్నవారిదే. టోల్ సొమ్ము బస్సులకు వెళుతోందా, నిర్మాణ సంస్థ అప్పులకు వెళుతోందా అన్నదాన్ని బట్టే ఈ న్యాయాన్యాయాలు తేలతాయి.

కార్‌పూల్ వైపు వాదన కూడా అంత గట్టిగా లేదు. అమెరికా జనగణన ప్రకారం కార్‌పూల్‌లో పనికి వెళ్లేవారు 1980లో దాదాపు 20 శాతం ఉండగా 2019 నాటికి 9 శాతానికి పడిపోయారు. ఆ కాలంలోనే వందల మైళ్ల కార్‌పూల్ వరుసలు వెలిశాయి. పైగా కార్‌పూల్ చేసేవారిలో అధికులు ఒకే కుటుంబ సభ్యులు. వరుస ఉన్నా లేకున్నా వారు కలిసే వెళ్లేవారు. రోడ్డుపై ఒక కారును తగ్గించినందుకు ఇవ్వాల్సిన బహుమతి, ఏ కారునూ తగ్గించనివారికి దక్కుతోందన్న మాట.

బొమ్మలు, అస్థిపంజరాలు

మనుషుల్ని లెక్కించడం పోలీసులకు తలనొప్పి. కాలిఫోర్నియాలో నిబంధన ఉల్లంఘిస్తే కనీస జరిమానా 490 డాలర్లు. అయినా దుకాణాల్లోని బొమ్మలకు టోపీ, కళ్లద్దాలు పెట్టి పక్క సీట్లో కూర్చోబెట్టేవారు తరచూ పట్టుబడుతుంటారు. 2020లో అరిజోనాలో ఒకరు అస్థిపంజరం బొమ్మకు టోపీ పెట్టి దొరికిపోయారు. 2019లో లాస్ వేగాస్‌లో శవవాహనం నడుపుతున్న వ్యక్తి, వెనుక ఉన్న మృతదేహాన్ని రెండో ప్రయాణికుడిగా లెక్కించాలని వాదించారు. పోలీసులు హెచ్చరించి వదిలేశారు. 2022లో డాలస్‌లో ఒక గర్భిణి, తన కడుపులోని బిడ్డ రెండో మనిషేనని పట్టుబట్టారు. అబార్షన్‌పై అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన రోజులవి కావడంతో ఆ చలానా దేశవ్యాప్త చర్చగా మారింది. చివరకు చలానా కొట్టివేశారు.

జకార్తా చెప్పిన నిజం

ఇన్ని లోపాలున్నా మనుషుల లెక్క దండగని తీర్పు చెప్పే ముందు ఇండొనేషియా రాజధాని వైపు చూడాలి. జకార్తాలో ప్రధాన రహదారులపై రద్దీ వేళల్లో కారుకు కనీసం ముగ్గురు ఉండాలన్న నిబంధన 1992 నుంచి అమల్లో ఉండేది. ఒంటరి డ్రైవర్ల కోసం రోడ్డు పక్కన ‘జాకీలు’ నిలబడేవారు. కొద్దిపాటి సొమ్ముకు కారెక్కి లెక్క సరిచేసేవారు. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి ఎక్కితే ఒక్కసారిగా ముగ్గురయ్యేవారు. పిల్లలను అద్దెకు తెస్తున్నారన్న ఆందోళనతో 2016లో నిబంధనను రద్దు చేశారు. నవ్వులపాలైన నిబంధన పోతే ఏమీ కాదనుకున్నారు. గూగుల్ మ్యాప్స్ సమాచారంతో పరిశోధకులు లెక్క తీసి 2017లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ఫలితం వేరుగా ఉంది. కిలోమీటరు ప్రయాణానికి ఉదయం 2.1 నిమిషాలుగా ఉన్న ఆలస్యం 3.1కి, సాయంత్రం 2.8 నుంచి 5.3 నిమిషాలకు పెరిగింది. నిబంధన ఎన్నడూ లేని పక్క రోడ్లపైనా రద్దీ పెరిగింది. ఇంత మోసం జరిగినా ఆ లెక్క ఎంతో కొంత పనిచేస్తూనే ఉందన్నమాట.

మన దగ్గర ఇటువంటి వరుసలు లేవు. 158 కిలోమీటర్ల హైదరాబాద్ బాహ్యవలయ రహదారిపై టోల్ దూరాన్ని బట్టి ఉంటుంది తప్ప, కారులో ఎంతమంది ఉన్నారన్నదానితో సంబంధం లేదు. జాతీయ రహదారులపై 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో వేళను బట్టి ధర మార్చడానికి కావలసిన సాంకేతికత మాత్రం చేతిలో ఉంది. మనుషుల్ని లెక్కించే సాంకేతికత అమెరికాలోనే ఇంకా పూర్తిగా కుదురుకోలేదు.

వెళ్లేవారికి..

పిల్లలను చూసేందుకు అమెరికా వెళ్లే తల్లిదండ్రులు కార్‌పూల్ లెక్కలో పూర్తి మనుషులే. చైల్డ్ సీట్లోని పసిబిడ్డ కూడా వర్జీనియా, కాలిఫోర్నియాలలో ఒక ప్రయాణికుడే. అయితే కారులో ముగ్గురు ఉన్నంత మాత్రాన టోల్ వరుసలో ఉచితం కాదు. వర్జీనియాలో ఈజీపాస్ ఫ్లెక్స్ పరికరం ఉండాలి, దాని మీటను కార్‌పూల్ వైపు జరపాలి. కాలిఫోర్నియాలోని ఫాస్‌ట్రాక్ ఫ్లెక్స్‌పై 1, 2, 3 అంకెలు ఉంటాయి. బయలుదేరే ముందు కారులో ఉన్నవారి సంఖ్యకు తగ్గట్టు దాన్ని మార్చుకోవాలి. నిన్న ఒంటరిగా వెళ్లి అంకెను 1పై వదిలేస్తే, ఈ రోజు కుటుంబమంతా ఉన్నా పూర్తి రుసుం పడుతుంది. అద్దె కారులో వెళ్లేవారు టోల్ వరుసలోకి ప్రవేశించే ముందే అద్దె సంస్థ నిబంధనలు చదువుకోవడం మేలు. టోల్‌కు తోడు సేవా రుసుం కూడా వసూలు చేసే సంస్థలు ఉన్నాయి.